ఒక పాదమే వాచింది, నొప్పి లేదు: షుగర్ ఉంటే ముందు షార్కో అని అనుమానించండి

సమస్య

షుగర్ వచ్చి ఏళ్ళు గడిచాయి. ఒక పాదం వాచింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. పుండు లేదు, జ్వరం లేదు, నొప్పీ అంతంతమాత్రమే. ఎక్స్‌రే నార్మల్ అన్నారు. యాంటీబయాటిక్ ఒక కోర్సు అయిపోయి రెండోది నడుస్తోంది. వాపు మాత్రం కదల్లేదు. ఇది షార్కో పాదం కావచ్చు, అంటే నరాలు మొద్దుబారిన పాదంలో ఎముకలు, కీళ్ళు లోలోపలే దెబ్బతినే జబ్బు.

ముందు చూడాల్సింది

రెండు పాదాలూ! వాచిన కాలొక్కటే చూపించి, రెండో కాలికి సాక్సు కూడా తీయకుండా వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. రెండింటి మీదా ఒకేచోట అరచేతి వెనకభాగం ఆనించండి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించదు, వేడిని బట్టే తెలుసుకోవాలి. కొలిస్తే తేడా 2 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే వదిలేయొద్దు.

తర్వాత పడుకోబెట్టి కాలు పైకెత్తి పది నిమిషాలు ఉంచండి. ఎరుపు తగ్గితే షార్కో వైపు మొగ్గు, తగ్గకపోతే ఇన్‌ఫెక్షన్ వైపు. ఇదే తుది తీర్పు కాదు గానీ పైసా ఖర్చు లేని పరీక్ష.

కారణం

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. షుగర్ వల్ల పాదం నరాలు మొద్దుబారతాయి. బస్సు దిగుతుంటే కాలు మడతపడుతుంది, లోపల చిన్న ఎముక చిట్లుతుంది. నొప్పి తెలియదు కాబట్టి మనిషి నడుస్తూనే ఉంటాడు. పైగా షుగర్‌కి మంచిదని రోజూ వాకింగ్! నడిచేకొద్దీ వాపు పెరుగుతుంది, ఎముక మెత్తబడి విరుగుతుంది, కీళ్ళు జారిపోతాయి. చివరికి పాదం మధ్యలోని వంపు కూలిపోయి అడుగుభాగం పడవ అడుగులా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీదే పుండు పడుతుంది. కాలు తీసేయాలన్న మాట వచ్చేది అప్పుడే.

1868లో షార్కో అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని సిఫిలిస్‌తో నరాలు దెబ్బతిన్నవాళ్ళలో వర్ణించాడు. ఇప్పుడు ఎక్కువగా షుగర్‌వాళ్ళలోనే చూస్తున్నాం.

తొలి వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ‘నార్మల్’ అన్న ఆ ఒక్క మాటకే ఊరుకుంటారు, కొంప మునిగేది అక్కడే. అనుమానం ఉంటే ఎమ్‌ఆర్‌ఐ తీయించండి. రిపోర్టు వచ్చేదాకా కూడా ఆ కాలు కింద పెట్టొద్దు.

పరిష్కారం

మోకాలి కింద నుంచి పాదమంతా అంటుకుని ఉండేలా వేసే కట్టు, దాన్నే టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. వాపు తీసి కట్టు వదులవుతుంది కాబట్టి మొదట్లో తరచూ మార్చాలి. వదులు కట్టు చర్మాన్ని ఒరిపిడి పెట్టి కొత్త పుండు చేస్తుంది. సాధారణంగా నెలలు పడుతుంది. వాపు తగ్గగానే ‘ఇంక తీసేయండి’ అంటారు. వాపొక్కటే చూస్తే చాలదు, రెండు పాదాల వేడీ దాదాపు సమానమై అలాగే నిలవాలి. ఆ తర్వాత ఎమ్‌సీఆర్ (మెత్తటి రబ్బరు అడుగున్న) చెప్పులు లేదా పాదం కొలతకి చేయించిన బూట్లు. వేణ్ణీళ్ళ కాపడం, నూనె మర్దనా వద్దు. బరువంతా మోసే రెండో పాదాన్ని రోజూ చూసుకోండి.

మిగతావి

పుండు, జ్వరం, చీము ఉంటే అది ఇన్‌ఫెక్షనే అనుకుని అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. పిక్క కూడా వాస్తే డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) తీయిస్తే రక్తం గడ్డ ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళవాపు) అయితే చాలామంది దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ వచ్చిందని మాత్రం గౌట్ మాత్రలు మొదలుపెట్టకండి.