ప్రొస్టేట్ క్యాన్సర్ అన్నారా? ఆపరేషన్‌కి డేట్ తీసుకునే ముందు ఇవి చూసుకోండి

ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వచ్చిన రోజు నుంచే ఇంట్లో గోల మొదలవుతుంది, "ముందు తీయించేద్దాం, మిగతాది తర్వాత చూద్దాం" అని. ప్రొస్టేట్ విషయంలో చాలామందికి అంత తొందర అక్కర్లేదండి, ఎక్కువ కేసుల్లో ఇది మెల్లగా పెరిగేదే, రెండు మూడు వారాలు తిరిగి నలుగురు డాక్టర్లని అడిగినా పోయేదేం లేదు. కానీ నడుం నొప్పితో పాటు కాళ్ళు మొద్దుబారి పట్టు తప్పుతున్నాయన్నా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా మాత్రం పొద్దున దాకా ఆగొద్దు, జబ్బు వెన్నుపూసకి పాకి నరాల్ని నొక్కుతూ ఉండొచ్చు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష పీఎస్ఏ, ఆ ఒక్క అంకె చూసి హడలిపోవద్దు, ఊపిరి పీల్చుకోవద్దు కూడా. ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్య యూరిన్ పైపు వేసినా అది పెరుగుతుంది. రాత్రిళ్ళు మాటిమాటికీ బాత్రూంకి లేస్తున్నారని పెద్దాయన ఎప్పట్నుంచో వేసుకునే బిళ్ళలో డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ ఉంటే, ఆరు నెలలో ఏడాదో వాడాక పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది, అంటే రిపోర్ట్‌లో 5 ఉంటే అసలుది 10 దగ్గర అనుకోవాలి. డాక్టర్ అడిగితే మనవాళ్ళు "ఏదో ప్రొస్టేట్ బిళ్ళ సార్" అనేసి ఊరుకుంటారు, అందుకే ఆ షీటే జేబులో పెట్టుకెళ్ళండి.

అసలు కథ గ్లీసన్ స్కోర్‌లో ఉంటుంది, ముక్క పరీక్షలో క్యాన్సర్ ఎంత మొండిదో చెప్పే అంకె అది. 3+4 అయినా 4+3 అయినా మొత్తం 7 కదా అనుకోకండి, 4+3 ఎక్కువ మొండిది, 8 నుంచి 10 అయితే ఇంకా సీరియస్. ట్రీట్మెంట్ చాలావరకు ఈ అంకె మీదే నడుస్తుంది కాబట్టి ల్యాబ్‌లో స్లైడ్లూ, ఆ ముక్కని దాచిన మైనం బ్లాకులూ అడిగి తీసుకుని వేరే క్యాన్సర్ హాస్పిటల్లో ఇంకోసారి చదివించండి, ఇవ్వమంటే ఇస్తారు, మొహమాటపడొద్దు.

గ్లీసన్ 6, పీఎస్ఏ 10 లోపు, గడ్డ చిన్నగా ప్రొస్టేట్‌లోనే ఉంటే వెంటనే ఏమీ చేయకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక పద్ధతే, యాక్టివ్ సర్వైలెన్స్ అంటారు. ఇంట్లోవాళ్ళకి ఇది అస్సలు మింగుడుపడదు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే స్టడీలో 1,643 మందిని కనిపెట్టడం, ఆపరేషన్, రేడియేషన్ అని మూడు గ్రూపులు చేసి 15 ఏళ్ళు చూశారు, 2023లో వచ్చిన లెక్కల్లో ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయింది మొత్తం 45 మందే, గ్రూపుల మధ్య పెద్ద తేడా లేదు. ఊరికే కనిపెట్టిన గ్రూపులో వేరే చోటికి పాకడం మాత్రం దాదాపు రెట్టింపు కనిపించింది, కాబట్టి పీఎస్ఏ టెస్టులూ ఎంఆర్ఐలూ ఎగ్గొట్టేవాళ్ళకి ఇది పనికిరాదు. పైగా వాళ్ళంతా తొందరగా బయటపడ్డ కేసులు, ఎముకల నొప్పులు మొదలయ్యాక వచ్చినవాళ్ళకి ఈ లెక్క అస్సలు వర్తించదు.

సర్జన్‌ని ఒక్కర్నే కలిసి ఖాయం చేసుకోవద్దు, కరెంటు (రేడియేషన్) పెట్టే డాక్టర్‌ని కూడా కలవండి, ఎవరి వంటకం వాళ్ళకి రుచి. ఆపరేషన్ అయితే వారం పది రోజులు పైపు, తర్వాత కొన్ని నెలలు దగ్గినా తుమ్మినా మూత్రం కారడం, అంగస్తంభన తగ్గడం. రేడియేషన్ అయితే మలద్వారం దగ్గర మంట, రక్తం పడటం, కొందరికి తోడుగా మగ హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్లు. రోబోతో చేసే ఆపరేషన్ అంటే లక్షలు చెప్తారు, రక్తం తక్కువ పోతుంది, ఇంటికి త్వరగా పంపిస్తారు, అది నిజమే, కానీ ఆస్ట్రేలియాలో మామూలు కోత ఆపరేషన్‌తో పోల్చి రెండేళ్ళు చూస్తే మూత్రం అదుపులోనూ, సెక్స్ విషయంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోబో కోసం పొలం అమ్మొద్దని నా మాట, ఆ సర్జన్ ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారో అడగండి చాలు. డేట్ ఖాయమైతే మూత్రాన్ని బిగబట్టే కటి కండరాల ఎక్సర్‌సైజులు ముందు నుంచే నేర్పించుకోవాలి, పైపు తీశాక మొదలెడితే లేటు.

అంగస్తంభన సంగతి కొడుకూ కోడలూ పక్కన కూర్చుంటే ఆయన అడగలేడు. పది నిమిషాలు అమ్మా నాన్నల్నే డాక్టర్ దగ్గర వదిలి మీరు బయట కూర్చోండి.

జబ్బు ఎముకలకి పాకితే మగ హార్మోన్ ఆపడమే మొదటి మెట్టు. వృషణాలు తీసేస్తే ఒక్కసారితో ఖర్చు అయిపోతుంది గానీ మళ్ళీ వెనక్కి రాదు, ఇంజెక్షన్లయితే నెలకో మూడు నెలలకో వేయిస్తూనే ఉండాలి, ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో ఆరోగ్యమిత్రని ముందే అడగండి. ల్యూప్రొలైడ్ లాంటి ఇంజెక్షన్ మొదటిసారి వేసినప్పుడు కొన్నాళ్ళు హార్మోన్ తగ్గకపోగా ఎగబాకి నొప్పులు ముదరొచ్చు, దానికి ముందే ఆ హార్మోన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ బిళ్ళలు మొదలెడతారా అని అడిగి మరీ వేయించుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు ఆ ఇంజెక్షన్లు నడుస్తున్నంత కాలం షుగర్ తరచుగా చూపించుకోవాలి, ఎముకలు కూడా పలచబడతాయి, క్యాల్షియం, విటమిన్ డి గురించి డాక్టర్ రాయకపోతే మీరే కదపండి.