ముక్కు కుట్టించుకున్నంక ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు

నేను దేవరకొండ దిక్కు ఒక సబ్‌సెంటర్‌ల ఏఎన్‌ఎంగా పనిచేస్త. టీకాల రోజు పిల్లలను ఎత్తుకొని వచ్చే తల్లుల్లో ఎవరో ఒకరు "అక్కా, చెవు చీము పట్టింది, జర చూడు" అంటనే ఉంటరు. ముక్కు కుట్టించుకున్న ఇంటర్ పిల్లలు, చెవి పైన ఇంకో కుట్టు వేయించుకున్నోళ్లు కూడా వస్తరు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్న. నేను చూసినంతల కుట్లు చాలామట్టుకు ఇంట్లోళ్లు ప్రేమతోని పూసిన పూతలకే చెడుతయి. పుండును దాని మానాన దాన్ని మాననియ్యాలె.

ముందు ఎన్ని రోజులు పడతదో తెలుసుకోవాలె. మెత్తటి చెవి తమ్మెకు 6 నుంచి 8 వారాలు. ముక్కుకు 4 నుంచి 6 నెలలు. చెవి పైభాగం, అంటే గట్టిగ ఉండి వంగే చోటు, 6 నెలల నుంచి ఏడాది. బొడ్డుకు కూడా అంతే. బెజ్జానికి రెండు మూతుల దగ్గర కొత్త తోలు ముందు వస్తది, నడిమిట్ల ఆఖరుకు వస్తది. కొత్త గోడకు చేసిన సిమెంటు పూత పైన ఆరినట్టే కనబడి లోపల పచ్చిగ ఉన్నట్టు, నెల రోజులకే నొప్పి పోయి ముక్కు మంచిగ కనబడతది, లోపల మాత్రం ఇంకా పుండే. పెళ్లి ఉన్నదని ఆ టైముల పుల్ల మార్చినోళ్లే మళ్ల నా దగ్గరికి వస్తరు.

కుట్టించే ముందు సూది కొత్తదా, కవరు మీ ముందటనే చింపిండ్రా చూడాలె. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి అంటుకునే ప్రమాదం ఉన్నది. గుట్ట మీద పుట్టువెంట్రుకలు తీయించి అక్కడనే చెవులు కుట్టించేటోళ్లు ఈ మాట అడిగేందుకు మొహమాట పడొద్దు. పార్లర్ల చెవులు కుట్టే గన్‌ను సూదిలెక్క ఆవిరి యంత్రంల పెట్టి శుద్ధి చేసేందుకు వీలు కాదు. పైగా అది మొద్దు కొనతోని తోలును నెట్టుకొని పోతది. ముక్కుకు, చెవి పైభాగానికి గన్ అస్సలు వద్దు. చంటిపిల్లలకైతే 6, 10, 14 వారాల పెంటావాలెంట్ టీకాలు మూడూ పడ్డంకనే కుట్టించండి, ధనుర్వాతం టీకా దాంట్లనే ఉంటది. పెద్ద పిల్లలకు 10 ఏండ్లకు, 16 ఏండ్లకు టీడీ, అంటే ధనుర్వాతం, కంఠసర్పి టీకా ఇస్తం. అది పడ్డదా లేదా కార్డుల చూసుకోండి.

పచ్చి కుట్టుల వన్ గ్రామ్ గోల్డ్, ఫ్యాన్సీ షాపు కమ్మలు పెట్టొద్దు. పూత లేచిపోతే కింద నికెల్ తగులుతది, దురద, రసి మొదలైతయి. నికెల్ ఒక్కసారి పడకుండ అయితే జన్మంత పడదు. టైటానియం దొరికితే మంచిది. మా దిక్కు అవుసలాయన ఇచ్చే బంగారమే ఎక్కువ. అడిగేటప్పుడు నికెల్ కలవనిదే కావాలని గట్టిగ అడగండి. వాపు వస్తది కాబట్టి పుల్ల కొంచెం పొడుగు ఉండాలె, శీల బిగించి పెట్టొద్దు. బిగిస్తే వాపుల శీల తోలు లోపలికి కూరుకపోతది.

ఇగ రోజూ చేసే పని. మెడికల్ షాపుల నార్మల్ సెలైన్ అని అడిగితే 0.9 శాతం ఉప్పునీళ్లు ఇస్తరు. 10 ఎంఎల్ చిన్న ప్లాస్టిక్ గొట్టాలు దొరికితే ఇంకా మంచిది, ఒకటి తెంపి ఒక్కసారి వాడి పారేయొచ్చు. ముక్కుల వేసే సెలైన్ చుక్కలు వేరు, వాటిల చాలామట్టుకు నిల్వ మందు కలుస్తది, అవి తేవొద్దు. షాపు దూరమైతే పావు లీటరు నీళ్లు మంచిగ మరగబెట్టి చల్లార్చి, పావు టీ చెంచా ఉప్పు కలపాలె. ఏ పూటకు ఆ పూటే కలపాలె. ఉప్పు ఎక్కువైతే పుండు త్వరగ మానుతదని ఇంకో చిటికెడు వేస్తరు, అట్ల వేస్తే మండి తోలు ఎండిపోతది. మా బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది కదా, కడగొచ్చా అని చాలామంది అడుగుతరు. ఫ్లోరైడ్‌తోని చెడుపు ఏండ్ల తరబడి తాగితేనే, కడిగితే కాదు. కుట్టుకు భయం క్రిములతోని, అందుకే మరగబెట్టమంటున్న.

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చాలు. ముందు సబ్బుతోని చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలె. గాజ్ గుడ్డ, అంటే పుండ్లకు కట్టే పల్చటి గుడ్డ ముక్కను ఉప్పునీళ్లల్ల ముంచి కుట్టు మీద ఐదు నిమిషాలు అట్లనే ఆనించి పట్టుకోవాలె. ముక్కైతే ఇంకో ముక్కను వత్తిలెక్క చుట్టి లోపలి దిక్కు కూడా పెట్టాలె. దూది వద్దు, దాని పోగులు శీలకు చుట్టుకుంటయి. పక్కు నాని మెత్తబడ్డంక తనంతట తనే గుడ్డకు అంటుకొని వస్తది. రాకుంటే మళ్లా పూట చూద్దాం, గోరుతోని గిల్లొద్దు. చివరికి టిష్యూ కాగితంతోని అద్దాలె. అందరు వాడే తడి తువ్వాల పెట్టొద్దు.

అత్తమ్మలు, అమ్మమ్మలు చెప్పేవి కూడా చెప్తా, నాకు వాళ్ల మీద గౌరవం ఉన్నది. పసుపుకు క్రిములను అణిచే గుణం ఉన్నమాట నిజమే, గానీ పొడి బెజ్జంల ఇరుక్కొని లోపలి రసి బయటికి రానియ్యదు. దుకాణం పసుపుల రంగు కలిసే భయం వేరే ఉన్నది. కొబ్బరినూనె, ఆయింట్‌మెంట్లు గాలి ఆడనియ్యవు. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రిములతోపాటు కొత్తగ వస్తున్న తోలును కూడా చంపుతయి. వేప ఈనె, చీపురుపుల్ల బెజ్జంల పెడితే పేళ్లు లోపల విరుగుతయి. ఇగ పుల్లను రోజూ తిప్పాలె, లేకుంటే అతుక్కుంటదనే మాట నేను ఎక్కువసార్లు వింట. తిప్పినప్పుడల్లా ఎండిన పక్కు లోపలికి గీసుకుంట పోయి కొత్త తోలును చింపుతది. తిప్పకండి, అతుక్కోదు.

పనిపాటల్ల కూడా చూసుకోవాలె. ఎండకు మొఖం నిండ చున్నీ చుట్టుకొని బస్సెక్కే పిల్లలు విప్పేటప్పుడు పోగు తట్టుకొని కుట్టు చింపుకుంటరు. కుట్టు మానేదాక ముక్కు వదిలి తలకే చుట్టుకోవాలె. పత్తి చేన్ల ఏరే రోజుల్ల ఆ చేతులతోనే చెవు ముట్టుకోవద్దు, చేతుల మీద పురుగుమందు, దుమ్ము ఉంటయి. చెవు కుట్టించిన పక్క పండుకోవద్దు, దిండు కవరు రెండు రోజులకోసారి మార్చాలె. బావిల ఈత, బీచుపల్లిల, సోమశిలల కృష్ణ మునకలు మానినంకనే. పౌడరు, ఫేస్ క్రీము కుట్టు చుట్టూ రాయొద్దు. ఫోను చెవికి ఆనించకుండ స్పీకరు పెట్టుకోండి.

మొదటి వారం ఎర్రదనం, కొంత వాపు, తెల్లగ కొద్దిగ పసుపు కలిసిన నీరు వచ్చి ఎండి పక్కు కట్టడం మామూలే, అది చీము కాదు. చిక్కగ, పచ్చగ, వాసనతోని వస్తే, ముట్టుకుంటే వేడిగ ఉండి సలిపితే చీము. పక్కన చిన్న ఎర్ర గడ్డ లేస్తే చాలామట్టుకు రాపిడికి వచ్చిందే, పుల్ల కదలకుండ ఉంచి ఉప్పునీళ్లు నడిపిస్తే తగ్గుతది. నెలలు గడిచినంక గట్టిగ, నున్నగ పెరుగుకుంట కుట్టును దాటిపోతే అది కీలాయిడ్ కావొచ్చు. ఇంట్ల ఎవరికన్న ఆ గుణం ఉంటే కుట్టించే ముందే ఆలోచించుకోవాలె.

చెవి పైభాగం మొత్తం ఎర్రగ వాచి కింద తమ్మె మాత్రం మామూలుగ ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పోవాలె. అక్కడ మృదులాస్థికి రక్తం తక్కువ అందుతది, ఆలస్యమైతే చెవి ఆకారమే ముడుచుకపోతది. దానికి పనిచేసే మందు వేరే ఉంటది కాబట్టి ఇంట్ల మిగిలిన గోళీలు మింగొద్దు. ఎరుపు చెంప మీదికి పాకినా, జ్వరం వచ్చినా, షుగరు ఉన్నోళ్లకు చీము కనబడ్డా అంతే. చీము పట్టిందని మీరే పుల్ల తీసేయకండి, బెజ్జం మూసుకొని చీము లోపలనే నిలుస్తది. తీయాలె అంటే డాక్టరే తీస్తరు.

పుల్ల మార్చేటప్పుడు స్నానం చేసి, కుట్టు మెత్తబడ్డంక అవుసలాయన దగ్గరికి పొండి. ముక్కుకు ఆరు నెలలు నిండకముందు మారిస్తే పాతది తీయంగనే కొత్తది పెట్టియ్యాలె, పచ్చి బెజ్జం గంటల్లనే దగ్గరవుతది. కొత్తదాని మందం పాతదాని మందమే ఉన్నదా, పక్కపక్కన పట్టుకొని చూసి చెప్పుమని ఆయన్నే అడగండి.