పికప్ బాడీలో తడి పట్టే చెకర్డ్ ప్లేటును ఫ్లోరు చెడకుండా ఊడదీయడం ఎలా?

కొత్త పికప్ ఇంటికి రాగానే బాడీ ఫ్లోరు మీద 3 మి.మీ. చెకర్డ్ ప్లేటు (కాలు జారకుండా ఉబ్బెత్తు గుర్తులున్న ఇనుప రేకు) పరిపించి, చుట్టూ టాకాలు (చిన్న చిన్న వెల్డింగు చుక్కలు) కొట్టించడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ఫ్లోరు సొట్టలు పడదు, ఎక్కువ కాలం మన్నుతుంది అనే నమ్మకంతో చేస్తారు. సొట్టలు పడని మాట నిజమే, మన్నిక మాటే అబద్ధం. బొలెరో పికప్ లాంటి బండ్లలో కంపెనీ ఫ్లోరు చదునుగా ఉండదు. బలం కోసం పొడుగునా గట్లు, కాలవలుగా మడిచి ఉంటుంది. దాని మీద చదును ప్లేటు పడిందంటే ప్రతి కాలవకీ మూత పెట్టినట్టే. టాకాకీ టాకాకీ మధ్య ఉన్న సందులోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. ఎండ తగలదు, గాలి ఆడదు, అవి ఆరే దారి ఉండదు.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల ట్రేలు మోసే బండ్లకి ఇది మరీ ప్రమాదం. ఐసు కరిగి కారే నీటిలో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తనే నీరైపోతుంది. కోస్తాలో రాత్రిపూట అంత తేమ మామూలే. కాబట్టి వాన పడకపోయినా, బండి కడగకపోయినా ప్లేటు కింద తుప్పు ఆగదు. యూరియా, డీఏపీ బస్తాల నుంచి రాలిన గుళికలూ ఇదే పని చేస్తాయి. లోపల తుప్పు పెరిగే కొద్దీ ఇనుము ఉబ్బి ప్లేటును పైకి నెడుతుంది, సందు పెద్దదవుతుంది, ఇంకా ఎక్కువ నీళ్లు దిగుతాయి.

బండి కడిగిన మర్నాడు కూడా ప్లేటు అంచుల నుంచి గోధుమ రంగు నీరు కారుతున్నా, సుత్తితో తట్టినప్పుడు కొన్నిచోట్ల డొల్ల శబ్దం వచ్చి కొన్నిచోట్ల మద్దెల్లా బిగువుగా మోగినా, బండి కిందికి దూరి చూస్తే ఫ్లోరు అడుగున పెయింటు పెచ్చులు లేచి ఉన్నా ఇంక ఆలోచించొద్దు, ప్లేటు తీసేయండి. ఇంకో లాభం కూడా ఉంది. 9 అడుగుల పొడవు, 5.5 అడుగుల వెడల్పు బాడీకి 3 మి.మీ. చెకర్డ్ ప్లేటు సుమారు 115 కిలోలు తూగుతుంది. అంత బరువును ఖాళీ బండి కూడా రోజూ మోస్తోంది.

సామాను

4 అంగుళాల గ్రైండరు, 1 మి.మీ. కటింగ్ వీల్స్ (గ్రైండరుకు తగిలించే కోత చక్రాలు) ఒక డజను, అరగదీయడానికి 80 గ్రిట్ ఫ్లాప్ డిస్కులు నాలుగు, వైరు బ్రష్షు, డ్రిల్లు, 5 మి.మీ. బిట్లు, సన్నటి ఉలి, కిలో సుత్తి, విరిగిన యాక్సా బ్లేడు ముక్క, చాక్‌పీసు. కళ్లద్దాలు, చెవి ప్లగ్గులు, తోలు గ్లవ్సు, మాస్కు. రెండు బక్కెట్ల నీళ్లు, తడిపిన గోనె సంచులు, పౌడరు ఫైర్ ఎక్స్‌టింగ్విషరు. కటింగ్ వీలు మధ్యలోని లోహపు రింగు మీద గడువు తేదీ కొట్టి ఉంటుంది. గడువు దాటినదీ, తడిసినదీ వాడొద్దు. గ్రైండరు గార్డు తీసేసి పనిచేసేవాడిని బండి దగ్గరికి రానివ్వొద్దు.

గ్యాస్ కటింగ్ సెట్టు వద్దే వద్దు. షెడ్డులో అదే తొందరగా అవుతుందంటారు. నిజమే, అరగంటలో ప్లేటు బయటికి వస్తుంది. ఆ వేడికి కింది సన్న రేకు వంకర్లు పోతుంది, అడుగున కొట్టిన తారు కోటింగు అంటుకుంటుంది. దగ్గర్లో బ్రేకు పైపులు, టెయిల్ లైట్ల వైరింగు ఉంటాయి. తర్వాత ఫ్లోరు మొత్తం మార్చుకోవాల్సి వస్తే ఆదా అయిన ఆ సమయం ఎందుకూ పనికిరాదు.

ముందు పనులు

బాడీని మంచినీళ్లతో బాగా కడిగి, బండి ముందు వైపు కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి, రెండు రోజులు ఎండలో ఆరనివ్వండి. ఈ పని వానాకాలంలో పెట్టుకోవద్దు. ప్లేటు తీశాక ఫ్లోరు పచ్చి ఇనుములా ఉంటుంది, ఒక్క వాన చాలు మళ్లీ ఎర్రబారడానికి.

బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేయండి. స్టెప్నీ బాడీ కింద ఉంటే దింపేయండి. వెనక డాలా (బాడీ వెనక తలుపు) విప్పేయండి, లేకపోతే ప్లేటు వెనక్కి జరగదు. డీజిల్ ట్యాంకు ఏ వైపు ఉందో, వైరింగు, బ్రేకు పైపులు ఎటు పోతున్నాయో కింద పడుకుని చూసి, వాటికి సరిగ్గా పైన ప్లేటు మీద చాక్‌పీసుతో గీత గీసుకోండి. ట్యాంకునూ పైపులనూ తడి గోనెతో కప్పండి. సీఎన్‌జీ బండి అయితే అధీకృత సెంటరులో సిలిండరు దింపించాకే గ్రైండరు పట్టాలి. ఇందులో బేరం లేదు.

రివెట్లు ఉంటే వాటి తలలను 5 మి.మీ. బిట్‌తో తొలిచేయండి. బోల్టుల నట్లు తుప్పు పట్టి తిరగకపోతే వాటి మీద ఆయిలు పోయొద్దు, కోసేయండి. ఆయిలు పోసిన చోటే గంట తర్వాత గ్రైండరు నిప్పురవ్వలు పడతాయి.

టాకాలు కోయడం: పని పాడయ్యేది ఇక్కడే

ఫ్లోరులు చిరిగేది, చిల్లులు పడేది, బండ్లు అంటుకునేది ఈ మెట్టులోనే. తక్కిన పని ఒక పూటలో అయిపోయినా దీనికి ఒక రోజంతా కేటాయించండి.

ముందు టాకాలన్నీ వెతకాలి. అంచుల్లో కనిపించేవి సులభం. వైరు బ్రష్షుతో రుద్ది, ఒక్కొక్కదానికీ సున్నా చుట్టండి. నడిమధ్య ఉండేవే దొంగ టాకాలు. ప్లేటుకు చిల్లు పెట్టి, ఆ చిల్లును వెల్డింగుతో నింపి, పైన చదును చేసి, పెయింటు కొట్టేసి ఉంటారు. కంటికి కనబడవు. సుత్తితో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోతే, డొల్లగా మోగే ప్లేటు హఠాత్తుగా బిగువుగా మోగిన చోట టాకా ఉన్నట్టు లెక్క. అక్కడ పెయింటు గీకి చూడండి, చెకర్డ్ గుర్తులు చెరిగిపోయిన నున్నటి మచ్చ కనిపిస్తుంది. సాధారణంగా ఇవి కింద అడ్డంగా పోయే చానళ్ల (ఫ్లోరును మోసే ఇనుప దూలాల) వరసలోనే వస్తాయి. ఒకటి దొరికితే ఆ వరసంతా వెతకండి.

కోసేటప్పుడు ఒకటే సూత్రం: కటింగ్ వీలు పైనున్న ప్లేటును కోయాలి, ఫ్లోరును ముట్టుకోకూడదు. ప్లేటు 3 మి.మీ. మందం, ఎలాగూ పాత ఇనుపకొట్టుకు పోయేదే. దాని కింద ఉన్న ఫ్లోరు అందులో సగం మందం కూడా ఉండకపోవచ్చు, పైగా తుప్పు తిన్నది. అయినా చాలామంది టాకాను ఫ్లోరుకు సమంగా చదును చేసేయాలని అక్కడే వీలు నొక్కి పట్టుకుంటారు. టాకా పోయేలోపు రేకులో సగం మందం పోతుంది. అంచు టాకా అయితే ప్లేటు అంచు నుంచి 4, 5 మి.మీ. లోపలికి, టాకా చుట్టూ అర్ధచంద్రంలా ప్లేటునే కోయండి. టాకా, దానితో పాటు చిన్న ప్లేటు ముక్క ఫ్లోరు మీదే ఉండిపోతాయి. ఉండనివ్వండి. ప్లేటు వెళ్లిపోయాక, వెలుతురులో, తీరిగ్గా ఫ్లాప్ డిస్కుతో వాటిని అరగదీయొచ్చు.

నడిమి టాకాకు ఇంకొంచెం ఓపిక కావాలి. దాని చుట్టూ రెండంగుళాల చదరం గీయండి. రెండు గీతలు బండి పొడుగునా, రెండు అడ్డంగా. టాకా ఎప్పుడూ గట్టు మీదే పడుతుంది, ఎందుకంటే ప్లేటు ఫ్లోరును తాకేది అక్కడే. కాబట్టి పొడుగు గీతలు రెండూ పక్క కాలవల మీద పడేలా చూసుకోండి. గట్టు వెడల్పుగా ఉంటే చదరాన్ని ఆ మేరకు పెంచండి. కాలవ మీద ప్లేటు కింద ఖాళీ ఉంటుంది గనక ఆ రెండు గీతలనూ పూర్తిగా కోసేయొచ్చు. అడ్డ గీతలు మాత్రం గట్టును దాటుకుంటూ పోతాయి, ప్లేటు కిందే రేకు ఉంటుంది. అక్కడ 2 మి.మీ. లోతు దాకా కోసి ఆపండి. నిప్పురవ్వలు వచ్చే తీరు చూస్తూ ఉండండి. కోత సందులో గోధుమ రంగు పొడి లేవడం మొదలైతే వీలు ప్లేటును దాటి తుప్పు పొరలోకి దిగిందని అర్థం, వెంటనే ఎత్తేయండి. మిగిలిన మిల్లీమీటరును ఉలితో రెండు దెబ్బలు వేస్తే విరుగుతుంది. ఉలిని నిటారుగా పట్టొద్దు, పడుకోబెట్టి ప్లేటు అంచుకు గురిపెట్టండి.

డ్రిల్లుతో టాకా మధ్యలోంచి తొలిచేయడం ఇంకో పద్ధతి. దాన్నే మంచిదంటారు. కొత్త బండ్ల మీద, ఒకే మందంతో ఉన్న కంపెనీ స్పాట్ వెల్డింగు మీద అది బాగానే పనిచేస్తుంది. చేత్తో కొట్టిన టాకా ఒకటి వేలెడు, ఇంకొకటి రూపాయి బిళ్లంత ఉంటుంది, గట్టిదనం చోటుచోటుకీ మారుతుంది. బిట్టు పక్కకు జారి ఫ్లోరులో దిగుతుంది. మన షెడ్డు టాకాలకు చదరం కోతే సరైనది.

కోస్తున్నంతసేపూ కింద ఒక మనిషి ఉండాలి, ఊరికే నిలబడటానికి కాదు. తుప్పు చిల్లుల్లోంచి నిప్పురవ్వలు కిందికి రాలతాయి. వైరింగు మీద పేరుకున్న గ్రీజు, దుమ్ము రాజుకుని మంట లేకుండా చాలాసేపు పొగలాడగలవు. పది నిమిషాలు కోసి, రెండు నిమిషాలు ఆపి, కింద వాసన చూడండి. పని మొత్తం ఆపాక కూడా కనీసం అరగంట బండిని వదిలి వెళ్లొద్దు.

అన్నీ కోశామనుకున్నాక గడ్డపార తీసుకుని పైకి ఎత్తే ఆత్రం అందరికీ ఉంటుంది. ఆగండి. యాక్సా బ్లేడు ముక్కను ప్లేటు కింద దూర్చి అంచు పొడుగునా లాగుతూ రండి. ఎక్కడ తట్టుకుంటే అక్కడ టాకా మిగిలి ఉంది, లేదా తుప్పు గడ్డకట్టి రెండు రేకులనూ అంటించింది. తుప్పు అయితే పై నుంచి సుత్తితో చదునుగా కొడితే పొడై వదులుతుంది. టాకా అయితే మళ్లీ గ్రైండరే. ఒక్క టాకా మిగిలి ఉండగా గడ్డపార వేసి లేపారంటే అది ఊడదు, దాని చుట్టూ ఉన్న ఫ్లోరు గుండ్రంగా చిరిగి ప్లేటుతో పాటు పైకి వస్తుంది. ఆ చిల్లుకు పక్కన మంచి ఇనుము ఉండదు గనక అతుకు కూడా సరిగ్గా పడదు.

ప్లేటు దింపడం

ఒకే ముక్కగా లేపాలని చూడొద్దు. అడ్డంగా మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 40 కిలోలకు దగ్గరగా వస్తుంది, ఇద్దరు మోయొచ్చు. ఇక్కడా గట్ల దగ్గర అదే 2 మి.మీ. జాగ్రత్త. కోసిన అంచులు కత్తుల్లా ఉంటాయి, గ్లవ్సు తీయొద్దు.

కింద కనబడేది

పెచ్చులు పెచ్చులుగా తుప్పు, మధ్యలో బురదలా నల్లటి ముద్ద. ముందు పొడిగా గీకి ఎత్తేయండి, తర్వాతే నీళ్లు. ఉప్పు పోవాలంటే మంచినీళ్లతో మూడు నాలుగు సార్లు కడగాలి, ప్రతిసారీ కాలవల్లో బ్రష్షుతో రుద్దాలి. ఉప్పు మిగిలిన ఇనుము మీద ఎంత ఖరీదైన ప్రైమరు కొట్టినా లోపలి నుంచి బుడగలు లేస్తుంది. ఆరాక, మొన తేలిన సుత్తితో ఫ్లోరంతా తట్టండి. మొన దిగిపోయే చోటల్లా కోసి, 1.6 మి.మీ. రేకు అతుకు వేయించండి. అతుకు వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ రెండు టెర్మినళ్లూ తీసి ఉండాలి, ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టాలి. కింది అడ్డ చానళ్లలోనే మొన దిగితే ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. బాడీ బిల్డింగ్ షెడ్డుకు తీసుకెళ్లి చానళ్లు మార్పించాలి, విజయవాడ ఆటోనగరు లాంటి చోట ఇది రోజువారీ పనే.

తర్వాత నీళ్లు పోయే దారి చూడండి. ప్రతి కాలవలో బక్కెట్టుతో నీళ్లు పోసి, ఎక్కడ నిలుస్తున్నాయో చూసి, అక్కడ 10 మి.మీ. చిల్లు పెట్టండి. సాధారణంగా అది ముందు బోర్డు మూలలో వస్తుంది. ఛాసిస్ మీద, ట్యాంకు మీద, వైరింగు మీద పడేలా చిల్లు పెట్టొద్దు. చిల్లు అంచులకు కూడా ప్రైమరు తగలాలి.

పెయింటు విషయంలో రొయ్యల బండికి, ఎరువుల బండికి మామూలు రెడ్ ఆక్సైడు ప్రైమరు చాలదు. రెండు భాగాల ఎపాక్సీ ప్రైమరు రెండు కోట్లు, దాని మీద పీయూ (పాలీయురెథేన్) లేదా ఎపాక్సీ పెయింటు రెండు కోట్లు. కలిపే పాళ్లు, కోటుకీ కోటుకీ మధ్య వ్యవధి డబ్బా మీద ఉన్నట్టే పాటించండి. ఫ్లోరు అడుగు భాగాన్ని మర్చిపోవద్దు.

కొందరు ప్లేటు తీయకుండా అంచులన్నీ సిలికానుతో మూసేస్తారు, కొందరు సందులో పాత ఇంజిన్ ఆయిలు పోస్తారు. సిలికాను లోపలున్న తడిని లోపలే బంధిస్తుంది, ఏదో ఒక మూల పగిలి కొత్త నీళ్లను రానిస్తుంది. ఆయిలు నీటి మీద తేలుతుంది, తుప్పు పట్టే అడుగు నీళ్లలోనే ఉంటుంది. ఎప్పుడో ఎవరో వెల్డింగు చేసినప్పుడు ఆ ఆయిలు అంటుకుంటుంది కూడా.

ఫ్లోరుకు రక్షణ కావాలంటే చేత్తో తీసి పెట్టుకునేదే వేయండి: ప్లాస్టిక్ ప్యాలెట్లు, లేదా పొడుగునా పరిచే చెక్క పట్టీలు. రబ్బరు మ్యాటు అయితే బండి కడిగిన ప్రతిసారీ చుట్ట చుట్టి బయట ఆరబెట్టాలి. ఇనుప చువ్వలు, గ్రానైటు మోసేవాళ్లకు ప్లేటు తప్పదు. అప్పుడు టాకాలు కాకుండా M8 (8 మి.మీ.) బోల్టులతో బిగించి, ప్లేటుకూ గట్టుకూ మధ్య బోల్టు దగ్గరే కాక అడుగుకొకటి చొప్పున 10 మి.మీ. మందం గట్టి నైలాన్ ముక్కలు పెట్టండి. చుట్టూ అంచుల్ని తెరిచే ఉంచండి. ఏటా వానలు వెళ్లాక బోల్టులు విప్పి, ప్లేటు లేపి, కాలవలు కడిగి, ఆరాక మళ్లీ బిగించండి.