కరెంటు వచ్చింది, నెట్ రాలేదు: తిరుపతి ఇళ్లలో రాస్ప్‌బెర్రీ పై తిప్పలు

ఇంటిల్లిపాదికీ యాడ్లు ఆపే పై-హోల్‌నో, ఊరవతల నుంచి ఇంటికి దారిచ్చే వైర్‌గార్డ్‌నో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ బోర్డు మీద నడుపుతున్నారా? అది మొరాయిస్తే ముందు అడగాల్సింది "కరెంటు ఎప్పుడు పోయింది?" అని. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం ఆ తర్వాతి మాట.

సమస్య: వైఫై గుర్తు నిండుగా ఉంది, ఏ సైటూ తెరుచుకోదు

కంప్యూటర్‌లో 'ping 1.1.1.1' అని కొట్టండి. జవాబు వస్తే లైన్ బాగుంది, సైటు పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ పలకడం లేదు; మీ ఇంట్లో ఆ పని పై-హోల్‌ది. రౌటర్ ఆగి లేచినప్పుడు బోర్డుకు కొత్త ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, ఇచ్చి ఉంటుంది. ఫోన్లేమో పాత నంబరునే అడుగుతుంటాయి. రౌటర్‌లో ఐపీలు పంచే డీహెచ్‌సీపీ పేజీకి వెళ్లి, బోర్డు మ్యాక్ అడ్రసుకు (పరికరానికి ఉండే సొంత గుర్తింపు సంఖ్య) ఒకే ఐపీ కట్టేయండి. రెండో డీఎన్ఎస్‌గా గూగుల్‌వాళ్ల 8.8.8.8 పెట్టుకోమనేవాళ్లు ఉంటారు, వినొద్దు. మొదటిది పడిపోతేనే ఫోన్లు రెండోదాన్ని అడుగుతాయన్న నియమమేమీ లేదు. యాడ్లు మళ్లీ దిగుతాయి.

సమస్య: ఐపీ సరిగ్గానే ఉంది, అయినా పేర్లు దొరకవు

ఇది తల తినేసే రకం. పది నిమిషాల కోతకు రాదు. సంక్రాంతికి ఊరెళ్తూ మెయిన్ ఆపేసి, నాలుగు రోజుల తర్వాత వచ్చి వేస్తే వస్తుంది, అదీ డీఎన్ఎస్ జవాబులు అసలువేనా అని సంతకంతో సరిచూసే డీఎన్ఎస్‌సెక్ ఆన్ చేసుకున్న ఇళ్లలో. పై 4, అంతకు ముందు బోర్డుల్లో బ్యాటరీ గడియారం లేదు. పై 5లో గడియారం ఉన్నా బ్యాటరీ మనమే విడిగా తగిలించాలి. అందుకే బోర్డు లేవగానే ఆపినప్పటి తేదీనే పట్టుకుని కూర్చుంటుంది. డీఎన్ఎస్‌సెక్ సంతకాలకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. నాలుగు రోజులు వెనకబడిన బోర్డు, ఇవాళ్టి సంతకం ఇంకా చెల్లదని తోసిపుచ్చుతుంది. టైమ్ సరిచేసుకుందామంటే టైమ్ సర్వర్ పేరు కావాలి, ఆ పేరూ దొరకదు. పీటముడి.

'డేట్' కమాండ్ కొట్టి చూడండి. తేదీ పాతదైతే చేత్తో సరిచేయండి, నెట్ వెంటనే లేస్తుంది. మళ్లీ రాకుండా, బోర్డు టైమ్ సరిచేసే టైమ్‌సింక్‌డి (timesyncd) సెట్టింగుల ఫైల్లో ఎన్టీపీ (NTP) అన్నచోట 162.159.200.1 అని అంకెల్లోనే రాయండి; అది క్లౌడ్‌ఫ్లేర్ టైమ్ సర్వర్. ఇంకా గట్టి పని కావాలంటే బ్యాటరీతో నడిచే డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టుకోండి.

సమస్య: దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది, లేదా నత్తనడక

పాత మొబైల్ చార్జరు వాడుతున్నారేమో చూడండి. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. పై 5కి 5 ఆంపియర్లు. చార్జరు మంచిదైనా సన్నటి కేబుల్ వోల్టేజీని తినేస్తుంది. 'vcgencmd get_throttled' కొడితే ఎక్స్ తర్వాత ఒక్క సున్నాయే రావాలి. 50000 వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజీ పడి, వేగం తగ్గిందని. 50005 అంటే ఇప్పుడూ తక్కువే. ఎండాకాలంలో ఇంకో కారణం వేడి. 80 డిగ్రీలు దాటితే చిప్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో మన మిద్దెల కింద అటక మీద పెట్టినవాళ్లు దాన్ని కిందికి దించి, చిన్న ఫ్యాన్ తగిలించండి.

సమస్య: అసలు బూటే కాదు

ఎస్డీ కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడతాయి. కొత్త కార్డులోకి బ్యాకప్ ఎక్కించండి. బోర్డుకూ ఫైబర్ డబ్బాకూ చిన్న యూపీఎస్ పెట్టండి. టీవీకి ముందు దీనికే పెట్టాలని నా వాదన, ఇంట్లో ఒప్పుకుంటారో లేదో మరి.

సమస్య: ఇంట్లో అన్నీ బాగానే, బెంగళూరులో ఉన్న అబ్బాయికి మాత్రం వీపీఎన్ తగలదు

రౌటర్ వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు నంబరు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు కలిపి ఇచ్చారు. బయటి నుంచి వచ్చేదాన్ని బోర్డుకు మళ్లించే పోర్ట్ ఫార్వర్డ్ రౌటర్‌లో ఎన్నిసార్లు చేసినా దండగ. కేబులతన్ని పబ్లిక్ ఐపీ అడగండి, నెలకు కాస్త ఎక్కువ తీసుకోవచ్చు. లేదంటే వైర్‌గార్డ్ మీదే నడిచే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ వేసుకోండి. దానికి పోర్టులు తెరిచే పనే లేదు.