వానల్లో వెనిస్ వెళ్తున్న జంటలకు: గట్టు మీద వెనక్కి అడుగు వేయొద్దు

2023 డిసెంబరులో వెనిస్‌లో ఊరి ప్రధాన చౌకు శాన్ మార్కో దగ్గర కాలువలో ఒక గొండోలా (సన్నటి తెడ్డు పడవ) బోల్తా పడింది. పడవ వంతెన కింద మలుపు తీసుకుంటుంటే, కూర్చోమని పడవ నడిపేవాడు చెబుతున్నా వినకుండా ఎక్కినవాళ్లు సెల్ఫీల కోసం లేచి కదిలారు. చలికాలపు నీళ్లలో అందరూ పడ్డారు. ప్రాణాలు దక్కాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా ఆ ఊరికి వెళ్లే జంటలు ఒడ్డు మీద ఉండి కూడా ఇదే ప్రమాదం కొనితెచ్చుకుంటారు. గొడుగు, స్వెటర్, వీసా కాగితాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి పోవడం లేదు.

ముందు నీటి లెక్క తెలుసుకోండి. ఆ నెలల్లో వెనిస్‌ని ముంచే నీటిని అక్కడ ఆక్వా ఆల్టా అంటారు. అది వాన నీరు నిలవడం కాదు, సముద్రపు పోటు ఊళ్లోకి రావడం. ఆగ్నేయం నుంచి వీచే సిరోకో గాలి ఏడ్రియాటిక్ నీటిని వెనిస్ వైపు నెడుతుంది. అది అమావాస్యకో పౌర్ణమికో తోడైతే మట్టం బాగా పెరుగుతుంది. టికెట్లు తీసేముందు పంచాంగం ఒకసారి తిరగేయండి, ఈ ఊరి విషయంలో అది నిజంగా పనికొస్తుంది.

రేపు 100 సెంటీమీటర్లు అని సూచన వస్తే నడుము లోతు నీళ్లని బెదిరిపోకండి. ఊళ్లో పుంతా దెల్లా సలూతే అనే చోట ఉన్న కొలబద్దకు 1897 నాటి సగటు సముద్రమట్టమే సున్నా, అక్కడినుంచి లెక్క. శాన్ మార్కో చౌకులో పల్లపు చోట్లకి 80 దాటగానే నీరు వస్తుంది. అంటే 100 ఉన్న రోజు అక్కడ మీ కాళ్ల దగ్గర ఉండేది దాదాపు 20 సెంటీమీటర్లు. సముద్ర ముఖద్వారాల దగ్గర 78 గేట్లతో కట్టిన, "మోసే" (MOSE) అని పేరున్న అడ్డుకట్ట 2020 అక్టోబరు నుంచి పనిచేస్తోంది కదా అంటారు. మామూలుగా దాన్ని లేపేది 110 దాటుతుందన్న అంచనా ఉన్నప్పుడే. 80కీ 110కీ మధ్య నీళ్లు దర్జాగా ఊళ్లోకి వస్తాయి, హెచ్చరిక సైరన్ కూడా మోగదు. అంచనా తప్పిన రోజూ ఉంది: 2020 డిసెంబరు 8న గేట్లు లేపలేదు, నీరు 138కి చేరింది. అందుకని నగరపాలక సంస్థ పోటు సూచనల కేంద్రం ఇచ్చే అంకెల్ని రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే చూడండి. గరిష్ఠ మట్టం ఏ గంటకో కూడా అందులో ఉంటుంది. దానికి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు చూడాల్సిన చోట్లు గోడల లోపల పెట్టుకోండి: మ్యూజియం, చర్చి, భోజనం.

ఇక అసలు తప్పు. నీళ్లు చీలమండ దాటవు, చౌకంతా అద్దంలా మెరుస్తుంటుంది, శాన్ మార్కో బసిలికా (పెద్ద చర్చి) నీడ అందులో పడుతుంది. ఒకరు ఫోన్ పట్టుకుని "ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం" అంటారు. రెండోవాళ్లు వెనక్కి జరుగుతారు. నీరు పైకి వచ్చిన రోజు గట్టు ఎక్కడ ఆగిందో, కాలువ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు, రెండిటి మీదా ఒకటే నీరు, ఒకటే రంగు. చాలా గట్లకి రెయిలింగ్ లేదు. ఇరవై సెంటీమీటర్ల నీటిలో వేసిన అడుగు పక్క అడుగుకి పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్‌లో సుమారు ఐదు మీటర్ల లోతు, చిన్న కాలువల్లో కూడా మనిషి మునిగేంత ఉంటుంది. పడ్డవాళ్ల ఒంటి మీద తడిసిన కోటు, కాళ్లకి నీళ్లు నిండిన బూట్లు. కాలువ గోడలు నిట్టనిలువుగా, నాచు పట్టి ఉంటాయి, చేతికి పట్టు దొరకదు. ఈత వచ్చన్న ధీమా ఆ చలిలో ఎంతోసేపు నిలవదు.

కాబట్టి వెనక్కి జరగొద్దు. ఫొటోలో పట్టకపోతే తీసేవాళ్లు కూడా వెనక్కి నడవకూడదు, తిరిగి, చూసి, ముందుకు నడిచి వేరే చోట నిలబడాలి. నీరు కప్పిన గట్టు మీద ఎప్పుడూ ఇళ్ల గోడ పక్కనే, గోడ చేతికి అందేంత దగ్గరగా నడవండి. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి వెళ్తే కెమెరా పట్టినవాళ్ల వెనకాల ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి, ఆ మనిషికి వేరే పని చెప్పకండి.

ఇదే తప్పుకి ఇంకో రూపం మెట్లు. కాలువలోకి దిగే రాతి మెట్లలో పచ్చగా కనిపించే ప్రతి మెట్టూ పోటుకి మునిగి తేలేదే. దాని మీద ఏ బూటూ ఆగదు. గౌను కుచ్చిళ్లు పరిచి కూర్చోడానికి బాగుంటుందని దిగుతారు. పచ్చ మెట్టు మీద కాలు పెట్టొద్దు.

బూట్లు మోకాలి కిందివరకు వచ్చే రబ్బరువే కొనండి, అడుగున జారకుండా గాట్లు ఉన్నవి. వీధిలో అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ తొడుగులు నునుపుగా ఉంటాయి, తొందరగా చిరుగుతాయి. ఒట్టి కాళ్లతో మాత్రం దిగొద్దు: పాత ఊళ్లో ఇళ్ల మురుగు చాలావరకు కాలువల్లోకే పోతుంది, అడుగున గాజు పెంకులు కూడా కనపడవు.

వంతెనల మెట్ల అంచులకి తెల్లటి ఇస్త్రియా రాయి వేస్తారు, వానకి అది జారుతుంది. మెట్టు మధ్యలో కాలు పెట్టండి. బస్సులు ఆగే చౌకు పియాజ్జాలే రోమా నుంచి రైల్వే స్టేషన్‌కి వెళ్లే కలత్రావా వంతెన 2008లో తెరిచాక దాని గాజు మెట్ల మీద చాలామంది జారిపడ్డారు. వాన పడుతుంటే సూట్‌కేసుతో దాని మీదికి వెళ్లొద్దు. రెండు వైపులా వపొరెట్టోలు, అంటే బస్సుల్లా తిరిగే పడవలు, ఆగుతాయి.

గది బుక్ చేసే ముందు హోటల్‌కి రాసి అడగండి: గది కింది అంతస్తులోనా, 100 ఉన్న రోజు ముందున్న సందులోకి నీళ్లు వస్తాయా. జవాబు తేల్చి చెప్పకపోతే వేరే హోటల్ చూసుకోండి.

మిగతావి:

నీళ్లొచ్చిన రోజు వీధుల్లో వేసే ఎత్తు చెక్క నడకదారుల మీద కుడి పక్కనే నడవండి, ఆగొద్దు, ఫొటో తీయొద్దు. అక్కడ గొడుగు విప్పితే వెనకవాళ్ల కంట్లో పొడుచుకుంటుంది, రెయిన్‌కోటు వేసుకోండి. నీరు 120 దాకా వచ్చే రోజు ఆ చెక్కలు తేలిపోతాయి కాబట్టి తీసేస్తారు, అవి ఉంటాయని పథకం వేసుకోకండి.

గొండోలాలో లేవొద్దు. ఇద్దరూ ఒకే పక్కకి ఒరగొద్దు. నీరు ఎక్కువున్న రోజు వంతెనల కింద పట్టదు, బేరం పెట్టి బలవంతం చేయొద్దు.

మనిషికి ఒక్క సంచి, వీపున వేసుకునేది. చక్రాల పెట్టెలు వద్దు.

ఇద్దరి పాస్‌పోర్టులూ ఒకే సంచిలో పెట్టొద్దు. ఎవరిది వాళ్ల దగ్గర, నీళ్లు దూరని కవర్లో. పోతే మిలాన్‌లోని భారత కాన్సులేట్‌కి వెళ్లాలి, అది వేరే ఊరు.

ఒకరు నీళ్లలో పడితే రెండోవాళ్లు దూకొద్దు. దూకొద్దు. బోర్లా పడుకుని చున్నీయో, గొడుగు కొంకో అందించండి. "ఆయూతో" (ఇటాలియన్‌లో "కాపాడండి") అని అరవండి, పడవలవాళ్లకి అర్థమవుతుంది. అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. పడ్డవాళ్లు దగ్గర్లోని గుంజనో, కట్టేసిన పడవనో పట్టుకోవాలి, గోడ ఎక్కాలని చూస్తే ఉన్న శక్తి పోతుంది.

చీకటి పడ్డాక నీళ్లున్న గట్టు మీదికి వెళ్లొద్దు.

మందు తాగి వెళ్లొద్దు.

తిరుగు ప్రయాణం రోజు పోటు గంటలు చూసి, నీరు రాకముందే పియాజ్జాలే రోమాకి చేరండి. అక్కణ్ణుంచి మార్కో పోలో విమానాశ్రయానికి రోడ్డు మీద బస్సు ఉంది.