రోడ్ బైకా, గ్రావెల్ బైకా: మన రోడ్ల మీద తొక్కేవాళ్ళు ఎలా తేల్చుకోవాలి

హైబ్రిడ్ సైకిల్ (తిన్నటి హ్యాండిల్ ఉండే రకం) కొన్నాళ్ళు తొక్కి, ఇక వంకీ హ్యాండిల్ ఉన్న మంచి సైకిల్ కొందాం అనుకున్నవాళ్ళంతా వచ్చి ఆగేది ఇక్కడే, తారు రోడ్డు మీద వేగంగా పోయే రోడ్ బైక్ తీసుకోవాలా, మట్టి, కంకర దారుల్లో కూడా పోయే గ్రావెల్ బైక్ తీసుకోవాలా అని. రెండూ పక్కపక్కన పెడితే కొత్తవాళ్ళకి తేడా సరిగ్గా కనపడదు కూడా, రెండిటికీ అదే హ్యాండిల్, ఎక్కువగా అదే 700సి సైజు చక్రాలు. అసలు తేడా మూడు చోట్ల ఉంటుంది: ఎంత లావు టైరు పడుతుంది, గేర్లు ఎంత తేలిక దాకా దిగుతాయి, దాని మీద మీరు ఎలా కూర్చుంటారు. ఈ మూడూ చూడటం వస్తే షాపులో ఎవరేం చెప్పినా మీ సైకిల్ మీరే తేల్చుకోగలరు.

సైకిళ్ళు చూసేముందు మీ దారి చూడండి. ఇంటి గేటు దగ్గర మొదలుపెట్టి, మీరు వారంలో నిజంగా తొక్కే రూటు మొత్తం ఒకసారి స్కూటీ మీద మెల్లగా పోయి గమనించండి, ఎక్కడ బీటీ రోడ్డు, ఎక్కడ సీసీ, ఎక్కడ పైపుల కోసం తవ్వి పైన మట్టి పోసి వదిలేశారు, ఎక్కడ స్పీడ్ బ్రేకర్లు వరసపెట్టి ఉన్నాయి, అన్నీ. లడఖ్ వెళ్తాం అని ఊహించుకుని సైకిల్ కొనేవాళ్ళు చాలామంది ఉంటారు, ఆ ట్రిప్ ఎప్పుడో ఒకసారి, మిగతా రోజులన్నీ తొక్కేది కాలనీ నుంచి మెయిన్ రోడ్డుకి, అక్కడి నుంచి సర్వీస్ రోడ్డుకి.

హైదరాబాద్ సంగతే తీసుకోండి. ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబర్‌లో ఓపెన్ చేశారు, నానక్‌రామ్‌గూడ నుంచి టీఎస్‌పీఏ (పోలీస్ అకాడమీ) వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. మీ తొక్కుడంతా అక్కడే, ఇల్లు కూడా ఆ దగ్గర్లోనే అంటే రోడ్ బైక్ హాయిగా సరిపోతుంది, ఇంకో ఆలోచన అక్కర్లేదు. అదే గండిపేట మీదుగా చిలుకూరు, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పోయేవాళ్ళైతే మెయిన్ రోడ్డు బాగానే ఉన్నా ఊళ్ళలోకి తిరిగితే ప్యాచులు, అంచున కంకర, చెరువుకట్ట పక్కన మొరం దారి తగులుతూనే ఉంటాయి. హైవే మీద కూడా, రాంగ్ సైడ్‌లో ఎదురుగా బండి వచ్చేస్తే మనమే తారు దిగి పక్క మట్టిలోకి పోవాలి, ఆ ఒక్క క్షణం 25 మి.మీ. లావు టైరుతో ఉన్నారా 35 టైరుతో ఉన్నారా అన్నది చాలా లెక్కలోకి వస్తుంది. వైజాగ్‌లో బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా పోయి వచ్చేవాళ్ళకి రోడ్ బైకే. కోనసీమలో కాలువ గట్ల మీద, పుంత దారుల్లో తిరగాలనుకునేవాళ్ళకి మాత్రం గ్రావెల్ బైక్ అంత మంచిది ఇంకోటి లేదు, నా మటుకు నాకు ఆ గట్ల మీద కొబ్బరి నీడలో తొక్కడమే సైకిల్ కొనడానికి పెద్ద కారణం.

ఇక టైర్లు. ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. ఇప్పటి రోడ్ బైకులు 28 మి.మీ. టైరుతో వస్తున్నాయి, ఎండ్యూరెన్స్ రకం అంటే సౌకర్యంగా కూర్చునే రోడ్ బైకుల్లో 32, కొన్నిట్లో 38 దాకా పడుతుంది. పాత రిమ్ బ్రేక్ (చక్రం అంచుని పట్టే బ్రేక్) సైకిళ్ళలో చాలావాటికి 25, మహా అయితే 28, అంతకు మించి దూరదు. గ్రావెల్ బైకులు మామూలుగా 38 నుంచి 45, కొత్తవాటిలో 50 దాకా కూడా. టైరు లావయ్యేకొద్దీ గాలి తగ్గించుకోవచ్చు, 70-75 కిలోల మనిషి 28 టైరులో 75-80 పీఎస్ఐ పెడితే, 40 టైరులో 40 చుట్టుపక్కల చాలు. మన రోడ్ల మీద గంటల తరబడి తొక్కాక చేతులు తిమ్మిరెక్కకుండా, నడుము పట్టేయకుండా కాపాడేది ఆ తగ్గించిన గాలే, ఫ్రేమ్ కార్బనా అల్యూమినియమా అన్నది దాని తర్వాత సంగతి.

కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న, దీనికి మ్యాగ్జిమమ్ ఎంత టైరు పడుతుంది అని. "అన్నా, ఇది అన్నిటికీ పనికొస్తది" అని సేల్స్ తమ్ముడు చెప్తాడు, చెప్పనివ్వండి, నంబర్ అడగండి, ఆ మోడల్ కంపెనీ స్పెక్ పేజీలో చూపించమనండి. అది కూడా లేకపోతే 5 మి.మీ. అలెన్ కీ తీసుకుని వెనక చక్రం పక్కన, చైన్‌స్టేకి (వెనక చక్రం పక్కన పోయే ఫ్రేమ్ గొట్టం) టైరుకి మధ్య దూర్చి చూడండి, తర్వాత ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ పైభాగంలో కూడా. రెండు పక్కలా కీ తగలకుండా వదులుగా తిరిగితే ఇంకాస్త లావు టైరుకి చోటు ఉండొచ్చు, ఇరుక్కుంటే ఇప్పుడున్న టైరే ఆఖరు. వానాకాలం నల్లరేగడి మట్టి టైరుకి అంటుకుంటే ఎలా ఉంటుందో తెలుసుగా, ఆ సందు లేకపోతే చక్రం అక్కడే బిగుసుకుపోతుంది.

పంక్చర్ల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన దగ్గర టైర్లకి అసలు శత్రువులు తుమ్మముళ్ళు, పల్లేరు కాయలు. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, ఎండాకాలం రోడ్డు అంచుల్లో బాగా ఉంటాయి. ట్యూబ్‌లెస్ చేయించుకుంటే లోపల పోసిన సీలెంట్ అనే ద్రవం చిన్న చిల్లుల్ని అదే మూసేస్తుంది: ముల్లు పీకగానే బుస్సుమని తెల్లగా నురగ కక్కుతుంది, చిల్లు కిందికి వచ్చేట్టు చక్రం తిప్పి ఆపితే ద్రవం అక్కడ చేరి బుడగలు సన్నబడతాయి, కాసేపటికి ఆగిపోతుంది, కాస్త గాలి కొట్టుకుని పోవడమే. లావు టైరు, తక్కువ గాలి ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది, సన్న రోడ్ టైరులో ప్రెషర్ ఎక్కువ కాబట్టి మూసుకునేలోపే సీలెంట్ చాలావరకు బయటికి చిమ్మేస్తుంది. ఒకటే గుర్తుపెట్టుకోండి, మన ఎండలకి సీలెంట్ త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసి పోసుకోవాలి.

గేర్లు చాలామంది పట్టించుకోరు, కొన్నాక ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. రోడ్ బైకులో మామూలుగా ముందు 50/34 (50 పళ్ళది ఒకటి, 34 పళ్ళది ఒకటి), వెనక 11 నుంచి 34 పళ్ళ దాకా ఉండే చక్రాలు వస్తాయి, అన్నిటికంటే తేలిక గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక చుట్టే, అంటే నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకి సుమారు 7.6 కిలోమీటర్లు. గ్రావెల్‌లో 46/30 పెట్టి వెనక 34 ఉంటే అదే తొక్కుడుకి 6.7 కిలోమీటర్లకి దిగొచ్చు. ఇంతేనా తేడా అనిపిస్తుంది గానీ, మనిషి సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుంటే 10 శాతం ఎత్తులో 7.6 స్పీడుకి దాదాపు 180 వాట్లు కావాలి, కొత్తవాళ్ళకి అది గంటసేపు నిలబెట్టడం కష్టం. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కాలనో, బ్యాగులు కట్టుకుని దూరం పోవాలనో ఉంటే ఆ తేలిక గేరే మోకాళ్ళని కాపాడుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చాలా గ్రావెల్ బైకుల్లో ముందు ఒకే చైన్‌రింగ్ (పెడల్ దగ్గర ఉండే పళ్ళ చక్రం), 40 పళ్ళది. ముందు 40, వెనక 11 మీద నిమిషానికి 90 తొక్కితే 41 స్పీడ్, అక్కడితో అయిపోతుంది, 50-11 అయితే 51 దాకా పోతుంది. మామూలుగా తొక్కేవాళ్ళకి 41 చాలు, స్పీడ్ గ్రూపులో లాగేవాళ్ళకి మాత్రం దిగుడులో కాళ్ళు ఊరికే తిరుగుతుంటాయి. పైగా ఒకే చైన్‌రింగ్‌లో గేరుకి గేరుకి మధ్య గ్యాప్ ఎక్కువ, సమంగా ఒకే లయలో తొక్కడం అలవాటైనవాళ్ళకి అది చిరాకు పెడుతుంది. గ్రావెల్‌లో కూడా రెండు చైన్‌రింగులవి దొరుకుతాయి, రోడ్డు మీదే ఎక్కువ తిరిగేవాళ్ళు అవే చూడండి.

కూర్చునే తీరు విషయంలో, గ్రావెల్ బైకు హ్యాండిల్ కాస్త ఎత్తుగా, దగ్గరగా ఉంటుంది, చక్రాల మధ్య దూరం ఎక్కువ, అందుకే గుంతల్లో నిలకడగా పోతుంది కానీ మలుపుల్లో రోడ్ బైక్ అంత చురుగ్గా తిరగదు. స్పెక్‌లో స్టాక్, రీచ్ అని రెండు నంబర్లు ఉంటాయి, స్టాక్ ఎక్కువైతే నిటారుగా కూర్చుంటారు, రీచ్ ఎక్కువైతే ముందుకి సాగుతారు. నడుము నొప్పి ఉన్నవాళ్ళు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు స్టాక్ ఎక్కువున్నదే తీసుకోండి, సైజు తప్పితే మాత్రం ఏ రకం బైకైనా బాధే.

స్పీడ్ గురించి భయపడి గ్రావెల్ వద్దనేవాళ్ళకి ఒక మాట. 25-30 స్పీడ్ దాటాక మనల్ని ఎక్కువగా వెనక్కి లాగేది గాలే, అంటే మీరు ఎంత వంగి కూర్చున్నారన్నదే ముఖ్యం. గ్రావెల్ బైకుకి గుబ్బల టైర్లు తీసేసి 32 నున్న టైర్లు వేస్తే రోడ్ బైకుకి దానికి తేడా చాలామంది అనుకునేదానికంటే బాగా తక్కువ. చాలా రోడ్ బైకులకి మాత్రం 40 టైరు ఎక్కించలేరు. ఒక్క సైకిలే కొనగలిగేవాళ్ళకి నేను గ్రావెల్ వైపే చెప్పేది ఇందుకే, కుదిరితే రెండు జతల టైర్లు పెట్టుకోండి, రోడ్డుకి నున్నవి, మట్టికి గుబ్బలవి.

మరి రోడ్ బైక్ ఎవరికి? వీకెండ్ గ్రూపుతో స్పీడ్‌గా పోయేవాళ్ళకి, ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీ) చేసేవాళ్ళకి, మంచి రోడ్డు ఇంటి ముందే ఉన్నవాళ్ళకి. బీఆర్ఎంలు (గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు రైడ్లు) చేయాలనుకునేవాళ్ళు కొంచెం ఆగి ఆలోచించండి, 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 600కి 40 గంటలు ఇస్తారు, ఆగిన టైమ్ కూడా అందులోనే. సగటున గంటకి 15 చాలు, అంటే అక్కడ గెలిపించేది స్పీడ్ కంటే ఒళ్ళు నొప్పి పుట్టకుండా కూర్చోగలగడం. 32 టైరు పట్టే ఎండ్యూరెన్స్ రోడ్ బైకో, నున్న టైర్లు వేసిన గ్రావెల్ బైకో, రెండూ ఒకటే, లైట్లు బ్యాగులు కట్టుకోవడానికి గ్రావెల్‌కి స్క్రూ రంధ్రాలు ఎక్కువుంటాయి, అదొక లాభం.

బ్రేకులు డిస్క్ ఉన్నదే తీసుకోండి, వానలో రిమ్ బ్రేక్ పట్టేసరికి ఆలస్యమవుతుంది. బడ్జెట్ సరిపోతే హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసేది), లేకపోతే కేబుల్ డిస్క్ కూడా పర్లేదు, చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళకి కేబులే నయం, ఎక్కడైనా బాగుచేసుకోవచ్చు. చేతిలో ఉన్న డబ్బంతా సైకిల్ మీదే పెట్టేయకుండా హెల్మెట్, లైట్లు, పంపు, స్పేర్ ట్యూబులకి కొంత పక్కన పెట్టుకోండి. ఖమ్మం, ఒంగోలు లాంటి ఊళ్ళలో ఉండేవాళ్ళు తమ సైజు 700సి టైరు లోకల్‌గా దొరుకుతుందో లేదో ముందే అడిగి పెట్టుకోవాలి, దొరక్కపోతే ఒక స్పేర్ టైరు ఇంట్లో ఉండాల్సిందే. సన్న ప్రెస్టా వాల్వ్‌కి రోడ్డు పక్క పంక్చర్ షాపు గాలి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని వాల్వ్ మీదే ఉంచేసుకోండి.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే చైన్ ఎంత అరిగిందో చూపించే చైన్ చెకర్ పెట్టించండి, ముందు బ్రేక్ పట్టి సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ కింద టకటక వస్తుందేమో చూడండి, కార్బన్ ఫ్రేమ్ అయితే బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు ఉండే చోటు) చుట్టూ గుడ్డతో తుడిచి వెలుతుర్లో గీతలు వెతకండి.

ఆఖరికి టెస్ట్ రైడ్. షాపు ముందు ఒక రౌండ్ కొట్టి దిగిపోవద్దు, అరగంట అడగండి, టైర్లలో గాలి మీ బరువుకి తగ్గట్టు పెట్టించుకోండి, లేకపోతే షాపులో గట్టిగా కొట్టి ఉంచిన గాలితో మంచి సైకిల్ కూడా దడదడలాడుతుంది. దగ్గర్లో ఉన్న చెత్త రోడ్డు మీదకే తీసుకెళ్ళి రెండు రకాలూ అదే దారిలో ఒకదాని తర్వాత ఒకటి తొక్కండి, బ్రేక్ హుడ్ల (బ్రేక్ లివర్ల పైన ఉండే రబ్బరు పట్టు) మీద చేతులు పెట్టి, మోచేతులు కొద్దిగా వంచి ఉంచగలుగుతున్నారో లేదో చూసుకోండి. చేతులు బిర్రుగా చాచాల్సి వస్తే స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క) మార్చి ఇస్తారా అని బిల్లు కట్టకముందే మాట్లాడుకోండి, నెల తర్వాత ఫ్రీ సర్వీస్‌లో గేర్ కేబుల్స్ మళ్ళీ ట్యూన్ చేస్తారా అన్నది కూడా, కొత్త కేబుల్స్ సాగడం మామూలే.