రిలీజ్ మెర్జ్‌లో సంతకాలు పోకుండా ఉండాలంటే

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో నలుగురం కలిసి సాఫ్ట్‌వేర్ రాస్తాం. కోడ్ మార్పులను గిట్ అనే టూల్‌తో దాచి, గిట్‌హబ్ అనే సైట్‌లో ఉంచుతాం. మొన్న రిలీజ్ బ్రాంచిని (విడుదలకు సిద్ధం చేసిన కోడ్ శాఖను) మెయిన్‌లో (అసలు శాఖలో) కలిపాక, అంటే మెర్జ్ చేశాక చూస్తే, కమిట్ల (సేవ్ చేసిన ఒక్కో మార్పు) పక్కన ఉండాల్సిన, సంతకం సరైనదని చెప్పే ‘వెరిఫైడ్’ గుర్తు ఒక్కదానికీ లేదు. అన్నీ జీపీజీ కీతో (రాసింది మనమేనని చూపే డిజిటల్ కీ) సంతకం చేసినవే. రాత్రి పదింటి దాకా ఒకటే టెన్షన్.

తీరా చూస్తే కీ బాగానే ఉంది. గిట్‌హబ్‌లో మేం ‘రీబేస్ అండ్ మెర్జ్’ నొక్కాం. కమిట్‌లోని ఫైళ్ల స్థితి, దాని ముందున్న కమిట్, రాసినవాళ్ల పేరు, సందేశం, వీటన్నిటికీ కలిపి వేసేదే సంతకం. రీబేస్ అంటే కమిట్లను కొత్త చోట తిరిగి పేర్చడం; అందులో పాతదాని బదులు కొత్త కమిట్ పుడుతుంది. దస్తావేజును శుభ్రంగా తిరగరాస్తే, పాత కాగితం మీది సంతకం కొత్తదాని మీదికి రాదు కదా! స్క్వాష్ (చాలా కమిట్లను ఒకటిగా చేయడం), చెర్రీ-పిక్ (ఒక కమిట్‌ను వేరే బ్రాంచిలోకి తేవడం) కూడా ఇంతే. స్క్వాష్ చేశాక గిట్‌హబ్‌లో ‘వెరిఫైడ్’ కనిపించినా అది గిట్‌హబ్ సొంత కీతో వేసింది, మనది కాదు.

అందుకని ‘క్రియేట్ ఎ మెర్జ్ కమిట్’ ఎంచుకోండి. రెండు బ్రాంచిలను కలిపే కొత్త కమిట్ ఒకటి చేరుతుంది, పాత కమిట్లు చెక్కుచెదరవు. ఆ మెర్జ్ కమిట్ మీద కూడా మీ సంతకమే కావాలంటే, మీ సిస్టమ్‌లోనే గిట్ మెర్జ్ కమాండ్‌కి నో-ఎఫ్ఎఫ్ (--no-ff, మెర్జ్ కమిట్ తప్పక పుట్టేలా), క్యాపిటల్ ఎస్ (-S, సంతకం పడేలా) ఆప్షన్లు ఇచ్చి కలపండి. గిట్ లాగ్ కమాండ్‌కి షో-సిగ్నేచర్ (--show-signature) ఆప్షన్ ఇచ్చి, సంతకాలు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే గిట్‌హబ్‌కి పుష్ చేయండి (పంపండి). గిట్‌హబ్‌లో రిపోజిటరీ (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) సెట్టింగ్స్‌లో స్క్వాష్, రీబేస్ టిక్కులు తీసేస్తే, కొత్తగా చేరిన పిల్లలు పొరపాటున కూడా వాటిని నొక్కలేరు.